గుర్రాల పోటీలకు కుక్కలను రానివ్వాలా? హైదరాబాద్‌లో ఆ ప్రశ్నే వేరు

డ్రెసాజ్ అంటే రౌతు చిన్న సైగలకు గుర్రం ఎంత చక్కగా నడిచిందో చూసే పోటీ. అది జరిగే అరీనా పొడవు 60 మీటర్లు, వెడల్పు 20 మీటర్లు. చుట్టూ కనిపించే తెల్ల కంచె ఎత్తు సుమారు అడుగు. అది దేన్నీ ఆపడానికి కట్టింది కాదు, హద్దు చూపడానికి పెట్టింది. పోటీ మధ్యలో గుర్రం నాలుగు కాళ్లూ ఆ హద్దు దాటాయంటే ఆ రౌతు ఆట అంతటితో ముగిసినట్టే. కుక్కకు ఆ నియమం లేదు. ఎటునుంచైనా దూకి రావచ్చు, ఎటైనా పోవచ్చు. గుర్రం, రౌతు కలిసిన ఒక్కో జోడీకి దక్కేది ఐదారు నిమిషాలు. ఆ కాసేపట్లో గుర్రం ఎంత స్థిమితంగా, ఎంత వదులుగా నడిచిందన్నదాన్ని చూసి 0 నుంచి 10 వరకు మార్కులు వేస్తారు. ఒంట్లో టెన్షన్ కనిపిస్తే మార్కులు తగ్గుతాయి. ఆ టెన్షన్ పుట్టించడానికి కుక్క లోపలికి రానక్కర్లేదు, కంచె పక్కన ఒక్కసారి మొరిగినా చాలు.

హైదరాబాద్ శివార్లలో, మొయినాబాద్ లాంటి వైపుల్లో, రైడింగ్ స్కూళ్లు ఉన్నాయి. పోటీ పెడితే పిల్లల వెంట కుటుంబాలు వస్తాయి. ఇంట్లో లాబ్రడార్ ఉన్నవాళ్లు దాన్నీ కారెక్కించుకుని వస్తారు. అప్పుడు నిర్వాహకులు చేసే సులువైన పని, బయటి దేశాల నియమం ఒకటి తెచ్చి బోర్డు మీద రాయడం: కుక్కలకు గొలుసు తప్పనిసరి. నియమం మంచిదే. కాకపోతే అది ఒక నమ్మకం మీద నిలబడింది. మైదానంలో కుక్క ఉందంటే, దాని గొలుసు రెండో కొసన ఒక మనిషి ఉంటాడని. మన ఊళ్లో ఆ నమ్మకం చెల్లదు.

ఆ నియమం ఎక్కడ పుట్టిందో చూస్తే ఈ తేడా ఇంకా బాగా అర్థమవుతుంది. 1921లో ఏర్పడిన అంతర్జాతీయ అశ్వక్రీడల సమాఖ్య, అంటే ఎఫ్‌ఈఐ, తన పోటీల్లో కుక్కలను నిషేధించలేదు. గొలుసు వేసి ఉండాలి, ఆ గొలుసు మనిషి చేతిలో గానీ కదలని వస్తువుకు గానీ ఉండాలి అంటుంది. ఇంగ్లండ్‌లోని బ్యాడ్మింటన్ అనే ఎస్టేట్‌లో హార్స్ ట్రయల్స్ అనే గుర్రాల పోటీలు 1949 నుంచి జరుగుతున్నాయి. (మన గోపీచంద్ అకాడమీలో పిల్లలు ఆడే ఆటకు పేరొచ్చింది కూడా ఆ ఎస్టేట్ నుంచే.) అక్కడ ప్రేక్షకులు కుక్కలను పొట్టి గొలుసుతో తెచ్చుకోవచ్చు. బర్లీ అనే మరో చోట జరిగే ఇలాంటి పోటీల్లోనూ అంతే. లండన్ ఇంటర్నేషనల్ హార్స్ షో మరో అడుగు ముందుకేసింది. గుర్రాలు దూకిన అరీనాలోనే కుక్కల అజిలిటీ పోటీలు, అంటే అడ్డంకులు దాటుతూ పరిగెత్తే పోటీలు, పెడుతుంది. నిజానికి ఆ అజిలిటీ ఆటకు మూలం గుర్రాలతో అడ్డంకులు దూకించే షో జంపింగే. 1978లో క్రఫ్ట్స్ డాగ్ షోలో, విరామంలో జనాన్ని కూర్చోబెట్టడానికి దాన్ని మొదలుపెట్టారు.

బ్రిటన్‌లో ఈ సహనం వెనక ఉన్నది జంతుప్రేమ ఒక్కటే కాదు, వేట. నక్కల వేటలో పదుల కొద్దీ వేటకుక్కలు గుర్రాల కాళ్ల మధ్యే పరిగెత్తేవి. వేట గుర్రం కుక్కను తన్నడం పెద్ద తప్పు. తన్నే అలవాటున్న గుర్రం తోకకు ఎర్ర రిబ్బన్ కట్టే ఆచారం అక్కడి నుంచే వచ్చింది. చిన్నప్పటి నుంచి కుక్కల మధ్య పెరిగిన గుర్రాలు, కుక్కను పక్కన నడిపించడం తెలిసిన జనం. 2004 చట్టంతో ఇంగ్లండ్, వేల్స్‌లో ఆ వేట ఆగినా అలవాటు మిగిలింది. అక్కడ కూడా రేస్‌కోర్సుల సంగతి వేరు. రాయల్ ఆస్కాట్ గుర్రపు పందేలకు సహాయక కుక్కలు తప్ప మరో కుక్క వెళ్లదు. పందెపు గుర్రం గంటకు 60 కిలోమీటర్ల వేగంతో, గుంపులో పరిగెడుతుంది. అక్కడ గొలుసు మీద భరోసా పెట్టుకోవడానికి ఎవరూ సిద్ధంగా లేరు.

దక్కన్‌లోనూ గుర్రానికీ కుక్కకూ చుట్టరికం లేకపోలేదు. మైలారదేవుడి బొమ్మల్లో, అంటే మరాఠీలు ఖండోబా అనీ తెలంగాణలో మల్లన్న అనీ కొలిచే దేవుడి బొమ్మల్లో, స్వారీ చేసే గుర్రం పక్కన కుక్క ఉంటుంది. సైన్యంలో రెండింటినీ చూసుకునేది ఒకే విభాగం, మీరట్ కేంద్రంగా ఉన్న రిమౌంట్ అండ్ వెటర్నరీ కోర్. కాబట్టి గుర్రానికి కుక్కంటే పుట్టుకతోనే పడదు అనే మాటలో పస లేదు. గుర్రానికి పడనిది కొత్త కుక్క. అందులోనూ వెనకనుంచి వచ్చే కొత్త కుక్క.

ఇక్కడ గుర్రం కన్ను గురించి కొంచెం చెప్పుకోవాలి. కళ్లు తలకు రెండు పక్కలా ఉండటం వల్ల అది ఒకేసారి దాదాపు 350 డిగ్రీల మేర చూడగలదు. కనబడని చోట్లు రెండే: నుదుటికి ఎదురుగా బాగా దగ్గర, తోక వెనక తిన్నగా. దూరాన చిన్న కదలికను ఇట్టే పసిగడుతుంది, కానీ అదేమిటో తేల్చుకోవడం మనిషంత బాగా రాదు. వేటాడే జంతువుల మధ్య లక్షల ఏళ్లు బతికిన ప్రాణి కాబట్టి తేల్చుకునేదాకా ఆగదు, ముందు పరిగెడుతుంది. పొదలోంచి బయటికొచ్చిన కుక్కా తోడేలూ మొదటి అర సెకను దానికి ఒకటే.

బెదురు మొదలయ్యేది చెవుల్లో. అప్పటిదాకా ఒకటి ముందుకీ ఒకటి రౌతు వైపుకీ తిరిగి ఉన్న చెవులు రెండూ ఒకే దిక్కుకు బిగుసుకుంటాయి. మెడ పైకి లేస్తుంది, ముక్కుపుటాలు విచ్చుకుంటాయి, జీను కింద వీపు గట్టిపడుతుంది. రౌతుకు ఇదంతా కళ్ల కంటే ముందు తొడలకు తెలుస్తుంది. అనుభవం ఉన్నవాడైతే పగ్గం కాస్త వదిలి, పిక్కతో ముందుకు తోసి, తల కొద్దిగా అటు తిప్పించి గుర్రానికి ఒక పని అప్పగిస్తాడు. పదకొండేళ్ల పిల్ల అయితే పగ్గం బిగించి పట్టుకుంటుంది. నోట్లో కళ్లెం లాగేసరికి, భయపడాల్సిందేదో నిజంగానే ఉందని గుర్రానికి ఖరారైపోతుంది. అర టన్ను బరువున్న జంతువు ఒక్క అంగలో పక్కకు దూకుతుంది. రౌతు కింద పడేది గుర్రం ఎగిరి తన్నినప్పుడే కాదు, ఈ పక్కదూకుడు వల్ల కూడా.

అదే కుక్క వెనకనుంచి వస్తే గుర్రం ఆ గుడ్డి చోటుకి గురిచూసి తన్నుతుంది. 'అఫ్సర్ కే అగాడీ, ఘోడే కే పిఛాడీ', అంటే అధికారి ముందూ గుర్రం వెనకా, నిలబడొద్దని అనుభవజ్ఞులు ఊరికే చెప్పలేదు. మందలు కాసే జాతులు, బోర్డర్ కోలీ, జర్మన్ షెపర్డ్ లాంటివి, కదిలే పశువు మడమల దగ్గరకే వెళ్తాయి. వాటి రక్తంలో ఉన్న పనే అది. ఆ ఉత్సాహంలో దవడ విరిగేది కుక్కకే.

దీనికి ఎదురు చెప్పేవాళ్లు హైదరాబాద్ వీధులనే చూపిస్తారు. పాతబస్తీలో బరాత్ గుర్రం బ్యాండు, టపాసులు, జనరేటర్ చప్పుడు, మొరిగే పది కుక్కల మధ్య నుంచి పెళ్లికొడుకుని మోసుకెళ్తుంది. చెవి కూడా కదపదు. సిటీ పోలీసుల అశ్వదళం గుర్రాలు గణేశ్ నిమజ్జనం రోజు జనసముద్రంలో నిలబడతాయి. కుక్క వాటికి లెక్కలోకే రాదు. మరి పోటీ గుర్రాలకు మాత్రం ఎందుకీ సుకుమారం?

జవాబు పోటీలోనే ఉంది. పోలీసు గుర్రానికి నేర్పేది పట్టించుకోకుండా ఉండటం. చప్పుళ్లు, జెండాలు, మంటలు, కుక్కలు, ఒక్కొక్కటీ చూపించి ఇది నీకు పట్టదు అని అలవాటు చేస్తారు. డ్రెసాజ్ గుర్రానికి నేర్పేది దానికి పూర్తిగా వ్యతిరేకం. రౌతు ఊపిరి మారినా, మడమ రవ్వంత కదిలినా స్పందించాలి. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన డ్రెసాజ్ జట్టు స్వర్ణం గెలిచింది, అశ్వక్రీడల్లో 41 ఏళ్ల తర్వాత దేశానికి వచ్చిన స్వర్ణం అది. ఆ మార్కులు వచ్చింది ఇలాంటి సున్నితత్వానికే. ఏళ్ల తరబడి సున్నితంగా తయారుచేసిన గుర్రాన్ని పట్టుకుని, కుక్క మొరిగితే నీకెందుకు ఉలుకు అనడం న్యాయం కాదు.

పైగా అది వేరే ఊరి నుంచి వచ్చి ఉంటుంది. బెంగళూరు నుంచి దాదాపు 570 కిలోమీటర్లు ట్రక్కులో నిలబడి వచ్చిన గుర్రానికి నీళ్ల రుచి కొత్త, లాయం వాసన కొత్త, పక్క గదిలో గుర్రం కొత్త. సొంత లాయంలో తిరిగే నాటు కుక్కతో అది ముక్కు ముక్కు రాసుకునేదే అయినా, ఇక్కడి కుక్కకు ఆ స్నేహం వర్తించదు.

ఎక్కువ ప్రమాదం అరీనాలోనూ కాదు, పోటీకి ముందు గుర్రాలను సిద్ధం చేసే వార్మప్ మైదానంలో. అక్కడ ఏడెనిమిది గుర్రాలు తలో వేగంతో తిరుగుతుంటాయి. ఒకటి దూకుతుంటే ఇంకొకటి నడుస్తుంటుంది, ఎదురెదురుగా దాటుకుంటుంటాయి. ఒక్కటి బెదిరితే మిగతావి కారణం అడగవు. ప్రేక్షకులు తాడు పట్టుకుని నిలబడేదీ, ఫొటోలు తీసుకునేదీ, కుక్కను గొలుసుతో పట్టుకుని కబుర్లాడేదీ అక్కడే. ఇక ఆ సాగే గొలుసులు ఒకటి. బటన్ నొక్కితే నాలుగైదు మీటర్లు సాగే సన్నని తాడు గుర్రం కాళ్లకు చుట్టుకుంటే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. గొలుసు ఉందా అంటే ఉన్నట్టే, అదుపు ఉందా అంటే లేదు.

ఆరుబయట కదలని అడ్డంకులు దాటిస్తూ దౌడు తీయించే క్రాస్ కంట్రీలో లెక్క ఇంకా ముతకగా ఉంటుంది. అత్యున్నత స్థాయిలో గుర్రం నిమిషానికి 570 మీటర్లు పోవాలి. సెకనుకు తొమ్మిదిన్నర మీటర్లు. మలుపు తిరగగానే 20 మీటర్ల దూరంలో కుక్క కనబడితే రౌతుకు మిగిలేది రెండు సెకన్లు, ఆ రెండు సెకన్ల చివర 1.20 మీటర్ల ఎత్తు కదలని దుంగ కూడా ఉండొచ్చు. మన దగ్గర స్థాయి తక్కువ కాబట్టి వేగం తక్కువే. కానీ రౌతుల అనుభవమూ తక్కువే. టెంట్ పెగ్గింగ్ సంగతి చెప్పనే అక్కర్లేదు. పోలీసు రౌతుల అభిమాన క్రీడ అది, పూర్తి దౌడులో బల్లెం మొన నేల వైపు దించి మేకును పొడవాలి. రౌతు చూపంతా ఆ మేకు మీదే. దారికి అడ్డంగా వచ్చినదాన్ని చూసే తీరిక అతనికి ఉండదు.

ఇంతవరకూ చెప్పింది ఏ దేశానికైనా వర్తిస్తుంది. హైదరాబాద్ దగ్గరికొస్తే ప్రశ్న తిరగబడుతుంది. అనుమతి అడిగే కుక్క ఇక్కడ చిన్న సమస్య. అడగకుండా వచ్చేది పెద్దది.

2011 అక్టోబర్‌లో గ్రేటర్ నోయిడాలో కోట్లు పెట్టి కట్టిన బుద్ధ్ సర్క్యూట్‌లో మొదటి ఫార్ములా వన్ ప్రాక్టీసు రోజే ఒక వీధికుక్క ట్రాక్ మీదికొచ్చి కార్లను ఆపించింది. అంత ఎత్తు కంచెలున్న చోటే ఆ గతి. 2025 అక్టోబర్‌లో ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీలు జరుగుతుండగా ఇద్దరు విదేశీ కోచ్‌లను కుక్కలు కరిచాయి. ఆ తర్వాతి నెల, నవంబర్ 7న, సుప్రీంకోర్టు విద్యాసంస్థలు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లతో పాటు క్రీడా ప్రాంగణాలకూ కంచె వేసి కుక్కలు రాకుండా చూడాలనీ, అక్కడ పట్టిన కుక్కలను మళ్లీ అక్కడే వదలొద్దనీ ఆదేశించింది. 2023 జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారమైతే మామూలుగా ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టిన చోటే వదలాలి. క్రీడా ప్రాంగణాలను కోర్టు దాన్నుంచి మినహాయించింది. సొంత స్థలంలో నడిచే రైడింగ్ స్కూలుకు ఇది ఎంతవరకు వర్తిస్తుందన్నది యజమానులు లాయర్‌ని అడిగి తేల్చుకోవాల్సిన సంగతి.

హైదరాబాద్‌లో ఈ విషయం కేవలం గుర్రాల గొడవ కూడా కాదు. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో కుక్కల దాడిలో నాలుగేళ్ల పిల్లవాడు చనిపోయిన తర్వాత నగరంలో వీధికుక్క అన్న మాట వింటేనే రెండు శిబిరాలు తయారవుతున్నాయి. గుర్రాల పోటీ నిర్వాహకులు ఆ తగువులోకి దిగాల్సిన పని లేదు. వాళ్లకు కావాల్సింది రెండు రోజులపాటు ఒక మైదానం ప్రశాంతంగా ఉండటం.

వీధికుక్కలు చురుగ్గా ఉండేది తెల్లవారుజామున, సాయంత్రం. మన ఎండకు భయపడి పోటీలు పెట్టుకునేది కూడా సరిగ్గా ఆ వేళల్లోనే. ఆపైన అలాంటి చోటికి గొలుసుతో పెంపుడు కుక్క వస్తే ఏమవుతుంది? అది తమ ఇలాకాలోకి వచ్చిన పరాయిది. నాలుగు వీధికుక్కలు చుట్టుముడతాయి. అప్పటిదాకా మొరగకుండా మూల పడుకున్న కుక్కలు కూడా లేస్తాయి. గొలుసులో ఉన్నది పారిపోలేక తిరగబడుతుంది, యజమాని దాన్ని ఎత్తుకుంటూ అరుస్తాడు. ఇదంతా వార్మప్ తాడు పక్కన. అంటే బ్యాడ్మింటన్‌లో గొలుసు సమస్యను తీరుస్తుంటే, ఇక్కడ అదే గొలుసు కొత్త సమస్యను పట్టుకొస్తోంది. ఈ ఒక్క కారణం చాలు, ప్రస్తుతానికి హైదరాబాద్‌లో ఆరుబయట జరిగే గుర్రాల పోటీలకు ప్రేక్షకుల కుక్కలను రానివ్వకపోవడమే మంచిదనడానికి.

కుక్క క్షేమం చూసినా అదే మాట. లాయం పరిసరాల్లో దానికి తెలియని విషాలుంటాయి. గుర్రం నోట్లో పెట్టిన నట్టల మందు కొంత కింద పడుతుంది. అందులో ఉండే ఐవర్‌మెక్టిన్ మోతాదు అర టన్ను జంతువుకు లెక్కగట్టింది. నాకిన కుక్కకు ప్రాణాపాయం, కోలీ జాతులకు జన్యు కారణాల వల్ల ఇంకా ఎక్కువ. నాల్‌బంద్ లాడాలు కొట్టేటప్పుడు చెక్కి పారేసే డెక్క ముక్కలంటే కుక్కలకు పంచప్రాణాలు, వాటిలో ఒక్కోసారి మేకు ముక్క ఉంటుంది.

అయితే నిషేధం పెట్టేవాళ్లు ఒక సంగతి మరిచిపోతారు. గేటు దగ్గర 'కుక్కలకు ప్రవేశం లేదు' అని చూసిన కుటుంబం ఇంటికి తిరిగి వెళ్లదు. కుక్కను కారులో ఉంచి, అద్దం రెండు వేళ్లు దించి లోపలికి వెళ్తుంది. ఫిబ్రవరి మధ్యాహ్నం కూడా మన ఎండలో ఆగిన కారు అరగంటలో కుక్కను చంపగలదు. కాబట్టి ఆ మాట ఎంట్రీ ఫారం మీద, టికెట్ మీద, వాట్సాప్‌లో పంపే ఆహ్వానం మీద ఉండాలి. గేటు మీది బోర్డు ఆలస్యం. పార్కింగ్‌లో ఒక మనిషి కార్లలోకి తొంగి చూస్తూ తిరగాలి.

మినహాయింపులు రెండు ఉంటాయి. చూపు లేనివారికి తోడుండే శిక్షణ పొందిన కుక్కను ఆపకూడదు. మన ఊళ్లో అది అరుదు కాబట్టి వచ్చినప్పుడు వార్మప్‌కు దూరంగా సీటు చూపిస్తే సరిపోతుంది. రెండోది ఖాకీలతో వచ్చే కుక్క. పోటీకి మంత్రి ముఖ్య అతిథి అయితే బాంబు స్క్వాడ్ జాగిలం వస్తుంది, వద్దనడానికి ఎవరికీ హక్కు లేదు. దాని తనిఖీ వేళ ముందే కనుక్కుని, గుర్రాలు లాయం దాటకముందే అది అయ్యేలా టైంటేబుల్ వేయాలి. సాధారణంగా జరిగేదేమిటంటే, మంత్రి ఆలస్యం, జాగిలం ఆలస్యం, చివరికి షో జంపింగ్ మధ్యలో గ్యాలరీ వెంట తనిఖీ.

మైదానంలోనే పుట్టి పెరిగిన కుక్కల విషయంలో తొందర పనికిరాదు. పోటీకి ముందు రోజు వాటిని వ్యానెక్కించి పంపేస్తే ఖాళీ అయిన చోటికి పక్క బస్తీ కుక్కలు వస్తాయి. తిండి దొరికే చోటు ఖాళీగా ఉండదు. పాత కుక్కలు గుర్రాలకు తెలుసు, గుర్రాల కాళ్లకు ఎంత దూరంలో ఉండాలో వాటికీ తెలుసు, పైగా బయటి కుక్కలను రానివ్వవు. చట్టం ఒప్పుకునే చోట వాటికి ఆపరేషన్, ఏటా రేబిస్ టీకా చేయించి, పోటీ రోజున అలవాటైన గదిలో పెట్టి, గుర్రాలను చూసుకునే సైసులే తిండి పెట్టడం మేలు. రేబిస్ టీకా గుర్రాలకు కూడా వేయించాలి. కుక్క కాటుతో గుర్రానికీ రేబిస్ వస్తుంది, వస్తే బతకదు.

కుక్కను అదుపులో ఉంచని యజమాని మీద చర్యకు చట్టం ఉంది. భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ప్రకారం జంతువు విషయంలో నిర్లక్ష్యానికి ఆరు నెలల వరకు జైలు గానీ, 5,000 రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ. వీధికుక్క మీద పెట్టడానికి ఆ సెక్షన్ కూడా లేదు, ముద్దాయే లేడు మరి. మిగిలేది మైదానం ఏర్పాటు. నీళ్ల ట్యాంకర్ కోసం తీసి మూయడం మరిచిన వెనక గేటు, ప్రహరీ కింద వాన కోసిన కన్నం, ఇవి పోటీకి వారం ముందు ఎవరైనా నడిచి చూసుకోవాల్సినవి. అన్నిటికంటే ముఖ్యం ఫుడ్ స్టాళ్లు. మన దగ్గర రెండు రోజుల పోటీ అంటే మధ్యాహ్నం బిర్యానీ, బిర్యానీ అంటే ఎముకలు. పేపర్ ప్లేట్లు ఎక్కడ పడేస్తారో కుక్కలు ఆ దారి పట్టుకునే వస్తాయి. నీడ ఉందని స్టాళ్లను వార్మప్ మైదానం పక్కనే పెట్టి, మూత లేని డబ్బాలు రెండు ఇచ్చారంటే, గేటు దగ్గర ఎంతమంది సెక్యూరిటీ గార్డులు నిలబడ్డా ఉపయోగం ఉండదు. స్టాళ్లు మెయిన్ గేటు బయట, పార్కింగ్ వైపు ఉండాలి. మూత డబ్బాలు గంటకోసారి ఖాళీ చేయించాలి. ఆ పని మీద ఒక మనిషిని పెట్టాలి, అతనికి ఆ రెండు రోజులూ వేరే పని చెప్పకూడదు.